నిలకడ గైరోది, పనితనం మనిషిది

2021లో మినియాపొలిస్‌లోని ఒక బౌలింగ్ హాలులో జే క్రిస్టెన్సెన్ ఎగరేసిన డ్రోన్ వీడియోను చూడనివాళ్లుంటే, ముందు అది చూసి రండి. డ్రోన్ వీధిలో బయల్దేరుతుంది. తలుపులోంచి దూరి, ఆడేవాళ్ల మధ్య నుంచి జారి, పిన్నుల వెనకున్న యంత్రాల సందుల్లోకి వెళ్లి వస్తుంది. మధ్యలో ఎక్కడా కోత లేదు. ఆయన వేళ్లకు దండం పెట్టాల్సిందే. ఆ వేళ్లు అడిగింది అడిగినట్టు మోటార్లకు అందించిన గైరోకి, దాన్ని అలా కుదిర్చిన పనితనానికి కూడా ఇంకో దండం బాకీ ఉంది. ఆ బాకీ తీర్చేవాళ్లే కనబడడం లేదు.

నాలుగు మోటార్ల డ్రోన్‌కి సొంత నిలకడ బొత్తిగా లేదు. విమానం రెక్కలు కొంతైనా తమంతట తాము సర్దుకుంటాయి. దీనికి ఆ భాగ్యం లేదు. ఏ రెండు మోటార్లూ ఒక్కలా తిరగవు, గాలి ఒక్కలా వీయదు. మనిషి చెయ్యి సర్దేలోపే బోల్తా కొడుతుంది. అలాంటిదాన్ని గైరో అనే నాలుగు మిల్లీమీటర్ల చిప్పు ఒకటి నిలబెడుతోంది. అందులో సిలికాన్‌తో చెక్కిన సన్నని ముక్కలు ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి. డ్రోన్ తిరగగానే కొరియోలిస్ బలం వాటిని పక్కకు నెడుతుంది. కంటికి ఆనని ఆ జరుగుడును కెపాసిటెన్స్ మార్పుగా చదివి, సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చిప్పు చెప్పేస్తుంది. మన హాబీలో పేరుమోసిన ఎంపీయూ6000 అయితే సెకనుకు 2000 డిగ్రీల వేగం దాకా కొలుస్తుంది, ఆ కబురును సెకనుకు 8000 సార్లు అందిస్తుంది. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత చిన్నదీ, ఇంత నమ్మకమైనదీ ఎన్ని ఉన్నాయి చెప్పండి!

ఆ కబురును డ్రోన్‌లోని ఫ్లైట్ కంట్రోలర్ అనే బోర్డు, మన రిమోట్ స్టిక్ అడిగినదానితో పోల్చి చూస్తుంది. తేడాను సరిదిద్దే లెక్కకు పీఐడీ అని పేరు. తేడా ఎంతుంటే అంత గట్టిగా సరిదిద్దేది పి. గాలి అదేపనిగా తోస్తున్నా, బ్యాటరీ కాస్త పక్కకు జరిగినా, మిగిలిపోయిన తేడాను కూడబెట్టి తీర్చేది ఐ. సర్దే తొందరలో హద్దు దాటకుండా పగ్గం వేసేది డి. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని కోసం విడమరిచిన సూత్రమే ఇది.

గైరోకి తిరుగుడు తెలుసు, ఏది కిందో తెలియదు. పైగా చిన్న చిన్న తప్పులు పోగుపడి కాసేపటికి దారి తప్పుతుంది. కింద ఎటో చెప్పడం యాక్సిలరోమీటర్ పని. అయితే బస్సు బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలినట్టే, వేగం మారినప్పుడల్లా అదీ తికమకపడుతుంది. అందుకే క్షణాల లెక్కకు గైరోను, నిదానపు లెక్కకు యాక్సిలరోమీటర్‌ను నమ్మాలి. ఈ రెంటినీ కలపడానికి 2008లో రాబర్ట్ మహోనీ బృందం, 2010లో సెబాస్టియన్ మాడ్‌విక్ ఇచ్చిన పద్ధతులు ఎంత పొదుపైనవంటే, చౌక ప్రాసెసర్ మీద కూడా హాయిగా నడుస్తాయి.

ఈ లెక్కలన్నీ చేసే కోడ్ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2010 ప్రాంతంలో అలెక్స్ డ్యుబస్ అనే ఫ్రెంచి ఔత్సాహికుడు నింటెండో వీ ఆట రిమోట్‌ల సెన్సర్లను ఆర్డుయినో బోర్డుకి కలిపి మల్టీవీ అనే ఫ్లైట్ కంట్రోలర్ ప్రోగ్రామ్ రాశాడు. బేస్‌ఫ్లైట్, క్లీన్‌ఫ్లైట్, నేటి బీటాఫ్లైట్ ఆ వంశానివే. అన్నీ ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన కోడ్‌లే.

అసలు విద్య కంపనం దగ్గర మొదలవుతుంది. మోటారు నిమిషానికి 24,000 చుట్లు తిరిగితే 400 హెర్ట్జ్ కంపనం పుడుతుంది. గైరోకి అదీ కదలికే. ఫిల్టర్లు ఎక్కువైతే కబురు ఆలస్యమై డ్రోన్ ఊగుతుంది. తక్కువైతే ఆ రొదను డి ఇంకా పెంచి మోటార్లను కాల్చేస్తుంది. చెయ్యి తిరిగినవాడు ముందు ఫిల్టర్ల జోలికే పోడు. ఒంగిన షాఫ్ట్ మారుస్తాడు, గంటుపడ్డ ప్రొపెల్లర్ పారేస్తాడు, బోర్డు కింద మెత్తని రబ్బరు పెడతాడు, వైర్లు గైరోకి తగలకుండా సర్దుతాడు. ఆ తర్వాతే మోటార్ల వేగాన్నిబట్టి సరిగ్గా ఆ రొదనే కోసేసే ఆర్‌పీఎం ఫిల్టర్. ఆపైన ఎగిరినంతసేపూ గైరో చెప్పింది రాసిపెట్టే బ్లాక్‌బాక్స్ రికార్డు తీసి గీతలు చదువుతాడు. మలుపు కొట్టి తన గాలిలోకి తనే దిగినప్పుడు వచ్చే ప్రాప్‌వాష్ కుదుపును చెవితో పట్టేస్తాడు. దిగగానే మోటారును వేలితో తాకి డి ఎక్కువైందో లేదో చెప్పేస్తాడు. ఇది విద్య కాకపోతే ఇంకేది విద్య?

పరిశోధనశాలల్లోనూ ఈ విద్యదే రాజ్యం. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో రఫాయెల్లో డాండ్రియా బృందం డ్రోన్ మీద కర్రను నిట్టనిలువుగా నిలబెట్టింది. ప్రొపెల్లర్ ఊడిపోయినా డ్రోన్ గిరగిరా తిరుగుతూనే అదుపులో ఉండేలా చేసింది. 2022లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయం వారి స్విఫ్ట్ అనే కృత్రిమ మేధ డ్రోన్, సొంత కెమెరా, మోషన్ సెన్సర్లతోనే ముగ్గురు డ్రోన్ రేసింగ్ చాంపియన్లతో 25 పందేలాడి 15 గెలిచింది. ఆ కృత్రిమ మేధ ఎంత తోపు తొయ్యాలో, ఎంత వేగంగా తిరగాలో మాత్రమే చెప్పింది. ఆ మాటను మోటార్ల దాకా తెచ్చి నిలబెట్టినది మన ఔత్సాహికులు రాసిన బీటాఫ్లైటే! ఈ సంగతి ఎన్ని పత్రికలు రాశాయి?

ఇప్పుడు బజారు చూడండి. పెట్టె మీద ‘సిక్స్ యాక్సిస్ గైరో’ అని మెరిసే అక్షరాలు, లోపల మొదటి గాలికే కొట్టుకుపోయే బొమ్మ. ఒక చిప్పు మీద ఇంకో చిప్పు పేరు గుద్ది అమ్మే దొంగలు. ఎవరో వీడియోలో చూపిన పీఐడీ అంకెలను తమ ఫ్రేమ్‌కి తగిలించుకుని ట్యూనింగ్ అయిపోయిందనే బద్ధకస్తులు. స్టిక్ వదిలితే ఆగిపోయే సీలువేసిన డ్రోన్ కొని, తనకు ఎగరేయడం వచ్చనుకునే కుర్రాళ్లు. ఎంపీయూ6000 తయారీ ఆగిపోయింది. కొత్తగా వచ్చిన బీఎంఐ270కీ అభిమానులున్నారు గానీ, నా ఓటు ఎప్పటికీ పాతదానికే. డ్రోన్‌ను తనే సమంగా నిలిపే యాంగిల్ మోడ్ నేర్చుకునేవాళ్లకు మంచిదే. గైరో ఒక్కదాన్నే నమ్మి ఎగిరే ఆక్రో మోడే ఈ విద్యకు గీటురాయని మాత్రం ఎన్నిసార్లైనా అంటాను.

మన ఇంజనీరింగ్ కాలేజీల సంగతి తలుచుకుంటే కడుపు రగులుతుంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టును దుకాణంలో రెడీమేడ్‌గా కొని, పేరు రాసుకుని, మార్కులు వేయించుకుంటున్నారు. గైరో ఏ దిశలో బిగించారో కూడా తెలియకుండా డ్రోన్ ఇంజనీర్లమంటున్నారు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వం ఆపింది, విడిభాగాలను ఆపలేదు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ లైసెన్సు అడగదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే సోల్డరింగ్ ఐరన్ దగ్గర్నుంచీ దొరుకుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

గురువులారా, పిల్లల చేత ఒక్క డ్రోన్‌ను మొదటి స్క్రూ నుంచి కట్టించండి. దాని బ్లాక్‌బాక్స్ గీతలు వాళ్ల చేతే చదివించండి, అంకెలు వాళ్ల చేతే మార్పించండి. కొన్న ప్రాజెక్టుకు మార్కులు వేయడం ఈ ఏడాదే మానండి.