పేటలు విడదీసిన తీర్పు

పుట్టుకతో చూపులేని ఆంధ్రప్రదేశ్ దళిత యువతి 2011లో తనపై అత్యాచారం చేసినవాణ్ణి గొంతుతో గుర్తుపట్టింది. వికలాంగురాలి సాక్ష్యం తక్కువది కాదని 2021లో పటాన్ జమాల్ వలీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, అత్యాచారానికి పడిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. మెచ్చదగ్గదే. కులం, స్త్రీత్వం, వైకల్యం ముప్పేటగా అల్లుకుని అణగదొక్కుతాయని పేజీలకు పేజీలు రాసింది కూడా. తీరా అట్రాసిటీ చట్టం దగ్గరికొచ్చేసరికి ఆ పేటల్ని విడదీసింది. కులమొక్కటే కారణం కానక్కర్లేదని తానే చెప్పి, అదొక కారణమనడానికి రుజువేదని ఆ చట్టం కింది శిక్షను కొట్టేసింది. దళితురాలని తెలిసి చేస్తే చాలన్న సవరణ అమల్లోకొచ్చింది 2016లో. పాత నేరానికి వర్తించదు, సరే. కులంపై ప్రాసిక్యూషన్ విడిగా సాక్ష్యం పెట్టలేదన్నారు. అల్లుకుపోయినవాటిని విడిగా ఎట్లా చూపమంటారు?