రుక్మిణి భయం

మా అక్కకు సంబంధం కుదరక ఇంట్లో బెంగపడుతున్న రోజుల్లో నాయనమ్మ ఆమె చేత పోతన భాగవతంలోని రుక్మిణీకల్యాణం పారాయణ చేయించింది. అక్క తమిళ బడిలో చదివింది. తెలుగు మాట్లాడడమే కాని అక్షరాలు రావు. అందుకని నాన్న ఆ పద్యాలన్నీ ఒక నోటుబుక్కులో తమిళ లిపిలో రాసిచ్చాడు. (కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం. పోతన ఎన్ని పాట్లు పడ్డాడో ఆయనకే తెలియాలి!) సందేశం పద్యాలు అయిపోగానే నాయనమ్మ అడ్డుపడేది. "తర్వాతవి ఏడుపు పద్యాలు, దాటెయ్యి. శుభమా అని చదువుకుంటూ అవెందుకు?" అనేది. 40 ఏళ్ళకు మళ్ళీ దశమస్కంధం తీసి చదివితే, ఆమె దాటించిన పద్యాలే ఆ కథకు ప్రాణమని తోచింది.

కథ అందరికీ తెలిసిందే. అన్న రుక్మి చెల్లెల్ని శిశుపాలుడికి ఇవ్వాలని పట్టుబట్టాడు. తండ్రి భీష్మకుడు కాదనలేకపోయాడు. రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి ద్వారకకు పంపింది. ఆ సందేశంలో భక్తి ఎంత ఉందో ఆలోచనా అంత ఉంది. అంతఃపురంలోంచి తీసుకుపోవాలంటే బంధువులను చంపవలసి వస్తుంది. పెళ్ళికి ముందు తమ వంశాచారం ప్రకారం ఊరి వెలుపలి పార్వతి గుడికి పంపుతారు కనుక అక్కడికి రమ్మంది. రక్తపాతం తగ్గే దారి తనే వెతికి చెప్పింది. రాకపోతే ప్రాణం విడుస్తానంది. ఇక ఆమె చేతిలో ఏమీ లేదు.

పోతన గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. మూలంలో వ్యాసుడు ఈ ఎదురుచూపును కొద్ది శ్లోకాల్లో ముగించి, ఆమె కన్నీటి కళ్ళు మూసుకుందని చెప్పి ముందుకు సాగుతాడు. పోతన సాగడు. బ్రాహ్మణుడు అసలు చేరాడా, దారిలో అలసిపోయాడా, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడా, దైవం నా వైపు ఉందా అని ఆమె చేత సందేహం మీద సందేహం పడనిస్తాడు. ఆ తర్వాత ఆమె ఏం చేస్తోందో కాక, ఏం చేయడం లేదో చెబుతాడు. కన్నీరు తుడుచుకోదు. జుట్టు ముడవదు. అన్నం తినదు, నీళ్ళు తాగదు. చిలుకకు పద్యం చెప్పదు. నిద్రపోదు. మనసులోని చిక్కు తల్లికి చెప్పదు. రోజూ చేసే పనులు ఒక్కొక్కటే ఆగిపోవడంతోనే భయం మన ముందుకు వస్తుంది. భయపడింది, బెదరింది అని పది విశేషణాలు పేర్చినా ఇంత బలం వచ్చేది కాదు.

ప్రహ్లాదుడికి భయమే లేదు. అతణ్ణి చూసి చేతులు జోడించగలం, పక్కన నిలబడలేం. గజేంద్రుడికి సందేహం ఉంది, కాని ఒంట్లో బలమంతా పోయాక వచ్చిన సందేహం అది. రుక్మిణి అలా కాదు. బలమున్నప్పుడే, అన్నకు తెలిస్తే ఏమవుతుందో తెలిసే, చేయవలసింది చేసి దేవుడికి వదిలింది. వదిలాక కూడా భయపడింది. ఆ భయాన్ని భక్తిలో లోపంగా పోతన ఎక్కడా ఎంచలేదు.

నాకొక చిన్న అసంతృప్తి ఉంది. ఎడమకన్ను, ఎడమభుజం అదిరి శుభశకునాలు త్వరగా వచ్చేస్తాయి. మూలంలో ఉన్నవే కనుక కవిని తప్పుపట్టలేను కాని, ఇంకో పద్యమైనా ఆమెను అలా ఉంచితే బాగుండేదనిపిస్తుంది. పారాయణలో తలంబ్రాల మీదే దృష్టి ఉండడం వల్ల మనం పట్టించుకోనిది మరొకటి ఉంది. తనను ఇంత భయపెట్టిన అన్న మీద కృష్ణుడు కత్తి ఎత్తినప్పుడు, ఆ అన్న ప్రాణం కోసం ఆమె మళ్ళీ భయపడుతుంది. కాళ్ళ మీద పడి వేడుకుంటుంది.

మన ఇళ్ళల్లో ఆడపిల్లల చేత ఈ కథ భక్తిగా చదివించాం. వాళ్ళలో ఎవరైనా రుక్మిణిలా ఉత్తరం రాసి ఉంటే ఊరుకునేవాళ్ళమా?

మొన్న అక్క వచ్చినప్పుడు తల్లికి చెప్పని ఆ పద్యం చదివి వినిపించాను. ఆమె ఎప్పుడూ దాన్ని వినలేదు. "నేనూ అమ్మకు చెప్పలేదురా" అంది. ఏమిటని అడగలేకపోయాను.