పులుపులోని చలిరాత్రులు

ఆషాఢపు ఉక్కలో క్యోటో నగరపు దక్షిణభాగమందలి ఫుషిమి వీథులలో నడచి నడచి డస్సి, జపానువారి బియ్యపు మద్యమగు సాకే నమ్ము నొక అంగడి ముంగిట కూలబడిన నాకు, అంగడి పెద్దాయన వేసవి సాకేను చిన్నగిన్నెలో పోసి యిచ్చినపుడు, తీపికంటె ముందుగా సన్నని పులుపొకటి నాలుకకు దగిలినది. అది యెక్కడిదని యడుగగా, “చలికాలపు రాత్రులది” అని యాయన బదులు చెప్పెను.

సాకేకు సారమంతయు “మోతో” అను తోడులో నున్నది. ఆవిరిపై నుడికించిన యన్నమును, కోజి యను బూజు పట్టించిన యన్నమును నీటితో గలిపి, అందు ఈస్టును పెంచి, పిదప పెద్దతొట్టిలో మూడు విడతలుగా అన్నమును, కోజిని, నీటిని చేర్చుదురు. ప్రాచీనమైన కిమోతో పద్ధతిలో నీ తోడునకు పులుపును బయటినుండి కలుపరు. గడ్డకట్టు చలిలో, రాత్రివేళ, పనివారు చెక్కతొట్ల చుట్టును నిలిచి, పాట పాడుచు, ఆ లయకు పొడవైన కొయ్యతెడ్లతో అన్నమును మెదుపుదురు. చెడుపుజేయు సూక్ష్మజీవులు చలికి అణగియుండగా, పులుపు బుట్టించునవి తమంతదామే వచ్చి చేరి, లేత ఈస్టునకు కావలి కాయును. మన తరవాణి కుండను పులియబెట్టునవి వాని బంధువులే.

ఈ మెదుపుట లేకయే తోడు సిద్ధమగునని 1909లో తేల్చిరి. లాక్టిక్ ఆమ్లమును నేరుగా గలుపు పద్ధతి మరుసటియేడు వచ్చినది. నాలుగు వారముల పని రెండు వారములకు దిగినది. నేటి సాకేలో అధికభాగ మా త్వరితమార్గముననే పుట్టుచున్నది. దానిని నేను నిందింపను. కాని వేసవికొఱకు మద్యసారమును 13, 14 శాతములకు తగ్గించి పలుచన చేసినపుడు, సాకే నీళ్లవలె చప్పబడక నిలుచుటకు ఆ నిదానపు పులుపే వెన్నెముక యని నా నాలుక నాకు జెప్పినది.

నిజమునకు వేసవియే సాకేకు చిరకాలశత్రువు. వేడిమికి చెడకుండుటకై దానిని వెచ్చజేసి నిలువచేయు విద్యను, పాస్చరునకు మూడు శతాబ్దములు ముందే, నారాలోని యొక బౌద్ధమఠపు దినచర్యాగ్రంథము పేర్కొన్నది. ఇట్టి జ్ఞానపరంపరను 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించుట నాకు మిక్కిలి సంతోషము గలిగించినది.

పూర్వము తాంబా, ఏచిగో పల్లెల రైతులే చలికాలమున సాకేశాలలకు వలసవచ్చి, వసంతమున మరలిపోయెడివారు. నావంటి బాటసారి నీడపట్టున గిన్నె నెత్తు వేళకు, ఆ పులుపునకు కర్తలైనవారు మోకాటిలోతు బురదలో వంగి, వరిమళ్లలో కలుపు దీయుచుండెడివారు.