కిరాయి కత్తికి పెట్టిన పదును

కిరాయి దళంలోని సోరెన్ చెప్పే సలహాలో దయకు చోటుండదు. రాజధాని కూలిపోయింది, రాజు చచ్చిపోయాడు, రాజు కూతురు తమ కోటలో ఉంది. కిరాయికి పోరాడే గుప్పెడు మందికి ఆమెతో ఏం పని? శత్రువుకు అప్పజెప్తే ప్రాణాలు దక్కుతాయి. దళంలో రెండో స్థానంలో ఉన్న టిటానియా దీనికి ఒప్పుకోదు, మొహం మీదే కాదంటుంది. నాయకుడు గ్రైల్ అందరూ చెప్పింది విని, ఆమెను కాపాడుదామని తేలుస్తాడు. వాళ్ల మధ్య గ్రైల్ కొడుకు కూర్చుని ఉంటాడు. దళంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. ఆ కుర్రాడే ఐక్. ఈ కథ అతనిది.

ఆట పేరు 'ఫైర్ ఎంబ్లెమ్: పాత్ ఆఫ్ రేడియన్స్'. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ వాళ్లు తయారు చేస్తే, నింటెండో 2005లో గేమ్‌క్యూబ్ కన్సోల్ మీద విడుదల చేసింది. 1990లో జపాన్‌లో మొదలైన వరస ఇది. గడులు గీసిన రణరంగం మీద మన మనుషుల్ని ఒక్కొక్కరినీ జరుపుతూ, ఎదుటివాడి వంతు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చూసే యుద్ధాల ఆట. చచ్చినవాడు చచ్చినట్టే, మళ్లీ రాడు. అప్పటిదాకా ఈ వరసలో నాయకుడంటే రాజ్యం పోగొట్టుకున్న యువరాజో, జమీందారు బిడ్డో. ఒంట్లో రాజరక్తం చుక్కైనా లేనివాణ్ని నాయకుణ్ని చేయడం ఇదే మొదలు. చేసిన మార్పు ఇదొక్కటే అయితే మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాకుమారుడి బదులు కూలికి పోరాడేవాణ్ని పెట్టి, తక్కిన కథంతా పాత దారిలోనే నడిపించేయొచ్చు. వీళ్లు అలా చేయలేదు. కిరాయి బతుకును కథలోనూ, ఆట నియమాల్లోనూ దారం దారంగా నేశారు.

హైదరాబాద్‌లో నయాపూల్ చుట్టుపక్కల తిరిగేవాళ్లకు కిరాయి సైనికుడు కొత్తవాడు కాదు. మూసీకి దక్షిణపు ఒడ్డున, వంతెన పక్కనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూస్తే కత్తులు, బాకులు, డాళ్లు కనిపిస్తాయి. వాటిని ఎత్తినవాళ్లకు జీతం ఎవరిచ్చారో, ఎన్ని నెలలు బాకీ పడ్డారో ఆ అద్దాల పెట్టెలు చెప్పవు. చరిత్ర చెబుతుంది. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి నిజాం ఖజానా ఖాళీ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు జమాదార్లు సైనికులను పెట్టడమే కాదు, సర్కారుకు అప్పులు కూడా ఇచ్చారు. ఆ అప్పు కింద జిల్లాల రాబడి వాళ్ల చేతుల్లో ఉండేది. ఆ తాకట్లు విడిపించడానికే దివాన్‌కు ఏళ్లు పట్టింది. ఆ అరబ్బుల వారసులు ఇప్పటికీ బార్కాస్‌లో ఉన్నారు, వాళ్ల మర్ఫా వాయిద్యం లేనిదే పాతబస్తీలో బారాత్ కదలదు. అంతకుముందు తరంలో పేరు మోసినవాడు ఫ్రెంచి రేమండ్. 1786 నాటి ఫిరంగుల కార్ఖానా, ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ, అతను పెట్టించిందే. అతని కింద 14 వేల దాకా సిపాయిలుండేవారని చెబుతారు.

ఈ చరిత్ర తెలిసిన కళ్లతో చూస్తేనే ఐక్ దళం పనితనం బాగా కనిపిస్తుంది. యుద్ధానికీ యుద్ధానికీ మధ్య ఈ ఆటలో 'బేస్' అని ఒక మజిలీ వస్తుంది. అక్కడ ఆయుధాలు కొనాలి, కొలిమిలో కొత్తవి చేయించాలి, ఎవరికి ఏది పంచాలో చూసుకోవాలి. ఇనుపకత్తికి ఇన్ని దెబ్బలని లెక్క. అవి అయిపోతే విరిగిపోతుంది. వీరత్వం చూపించిన ప్రతిసారీ సరుకు అరుగుతుందన్నమాట. వోల్క్ అనే దొంగ ఉంటాడు. తాళం తీయమంటే తీస్తాడు, ఒక్కో తాళానికి 50 బంగారు నాణేలు పట్టుకుంటాడు. మన పక్షాన పోరాడుతూనే, ప్రాణాల మీదికొచ్చిన యుద్ధం నడిమధ్యలోనే, రేటులో పైసా తగ్గించడు. మొదట అది నవ్వులాటలా ఉంటుంది. చాలాసేపటి తర్వాత, అతణ్ని గ్రైల్ ఏ పనికి కుదుర్చుకున్నాడో బయటపడుతుంది: తనకు మళ్లీ మతి తప్పితే తనను చంపడానికి. జీతం, ఒప్పందం, మాట నిలబెట్టుకోవడం అనే మూడింటి మీద ఇంత నల్లటి వెలుగు పడేసిన సన్నివేశం ఈ తరహా ఆటల్లో మరొకటి నాకు గుర్తుకు రాదు.

ఆ మతి తప్పడం వెనక ఉన్న కథే ఈ కట్టడానికంతటికీ పునాది. గ్రైల్ అసలు పేరు గవేన్. డేయిన్ రాజ్యపు నలుగురు మహాసేనానుల్లో ఒకడు, కత్తిసాములో అతనికి సాటి లేరు. ఒక శాపపు పతకాన్ని తాకి ఒళ్లు తెలియని ఉన్మాదంలో భార్య ఎలెనాను చంపుకున్నాడు. తెలివిలోకి వచ్చాక, ఇక ఆ చేతితో కత్తి పట్టకూడదని తన నరాలు తనే కోసేసుకున్నాడు. ఇదంతా ఆటగాడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. కానీ మొదటి ఘట్టం నుంచీ మన కళ్లముందే ఉంటుంది: గ్రైల్ ఎప్పుడూ గొడ్డలే పడతాడు. కొడుకుకు మాత్రం చెక్క కత్తితో సాము నేర్పిస్తాడు. తను పట్టని ఆయుధాన్ని కొడుక్కి నేర్పే తండ్రిని చూసి ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఈ వరసలో నాయకుడు కత్తి పట్టడం ఆనవాయితీ. ఆనవాయితీ చాటునే రహస్యాన్ని దాచారు. రచయితల తెలివి అంటే నాకు ఇదే.

ఏడో అధ్యాయం తర్వాత వచ్చే రాత్రి ఘట్టాన్ని నెమ్మదిగా చూడాలి. నల్లకవచం తొడిగిన యోధుడు ఒకప్పటి తన గురువును అడవిలో ఎదిరిస్తాడు. గురువు గురువులాగే పోరాడాలని, రాగ్నెల్ అనే దివ్యఖడ్గాన్ని అతని ముందుకు విసురుతాడు. గ్రైల్ తీసుకోడు, నా ఆయుధం ఈ గొడ్డలే అంటాడు. ఓడిపోతాడు. ఆ మాట పంతంలా వినిపిస్తుంది. సగం ఆట గడిచి అసలు సంగతి తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే, అది పంతం కాదు, చెల్లించడం ఇంకా పూర్తికాని బాకీ. కొనప్రాణంతో ఉన్న తండ్రిని ఐక్ వీపున వేసుకుని వానలో నడుస్తాడు. పగ వదిలేసి బతకమని తండ్రి చెబుతాడు. ఆ రాగ్నెల్ చివరికి ఐక్‌దే అవుతుంది, కానీ వెంటనే వాడనివ్వరు. ఆట ఆఖరి అంకానికి వస్తేగానీ ఒరలోంచి బయటికి రాదు. నల్లయోధుడి కవచానికి మామూలు ఆయుధం తగలదు కాబట్టి, 11వ అధ్యాయంలో వాడు ఎదురైనప్పుడు మనం చేయగలిగింది పారిపోవడమే. 27వ అధ్యాయంలో నాడస్ కోటలో మళ్లీ తారసపడినప్పుడు మాత్రం రాగ్నెల్ మన చేతిలో ఉంటుంది. కొన్ని వంతుల గడువు ఇస్తారు, ఆ లోపల తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోయినా కథ ఆగదు, పగ తీరకుండానే ముందుకు పోతుంది. గెలిచి తీరాలని పట్టుబట్టకుండా ఓటమికీ దారి వదిలిపెట్టడం ఎంత కష్టమైన నిర్ణయమో, ఏదైనా కథ రాసి చూసినవాళ్లకు తెలుస్తుంది.

2007లో వీ కన్సోల్ మీద వచ్చిన రెండో భాగం 'రేడియంట్ డాన్'లో ఐక్ పూర్తిగా ఎదిగాక కత్తితోపాటు గొడ్డలి కూడా పట్టగలుగుతాడు. దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆయుధాల పట్టికలో కొత్త గుర్తు ఒకటి వచ్చి చేరుతుంది, అంతే. తండ్రి కత్తి వదిలి గొడ్డలి పట్టాడు, కొడుకు కత్తితో మొదలుపెట్టి గొడ్డలి దాకా వచ్చాడు. సంభాషణల్లో అయితే దీనికి పేజీలు కావాలి. ఇక్కడ పట్టికలో ఒక చిన్న బొమ్మ సరిపోయింది.

తండ్రి పోయిన మర్నాడు దళం ఎలా ఉంటుందో చూపించిన తీరు కూడా అంతే కచ్చితం. విలుకాడు షినాన్ మహా నోటిదురుసు మనిషి, కానీ గురి తప్పడు. ఆట మొదట్లో మనకున్న గట్టివాళ్లలో ఒకడు. పిల్లవాడి కింద పనిచేసేది లేదని తెగేసి చెప్పి వెళ్లిపోతాడు. బరువు కవచం తొడుక్కునే గాట్రీ కూడా అతని వెంటే పోతాడు. మనసు బాధపడే సంగతి తర్వాత. ముందు లెక్క దెబ్బతింటుంది, ఎందుకంటే వెంటనే ఎదురయ్యేది కోట చుట్టూ శత్రువులు కమ్ముకునే యుద్ధం. కొత్త నాయకుడి మీద పడిన భారం ఏమిటో ఆటగాడికి ఎవరూ వివరించక్కర్లేదు. ఎక్కడ ఎవర్ని నిలబెట్టాలో తెలియక అతనే తల పట్టుకుంటాడు. చాలాకాలానికి 18వ అధ్యాయంలో షినాన్ శత్రువుల బారులో కనిపిస్తాడు. అతణ్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ముందు రోల్ఫ్ అనే చిన్న కుర్రాడు వెళ్లి పలకరించాలి. ఎవరికీ తెలియకుండా వాడికి విలువిద్య నేర్పింది షినానే. ఆ తర్వాత ఐక్ స్వయంగా షినాన్‌ను ఓడించాలి. శిష్యుడి మాట ఒక్కటే చాలదు, నాయకుడి దెబ్బ ఒక్కటే చాలదు, రెండూ పడాలి. కిరాయి మనిషి ఆత్మాభిమానాన్ని ఇంత బాగా చదివినవాళ్లు తక్కువ.

ఇక బిరుదుల సంగతి. మిగతా యోధులు 20వ స్థాయి దాటితే పై తరగతికి వెళ్తారు. ఐక్ ఎంత ముందుగా 20కి చేరినా అక్కడే ఆగిపోవాలి. అతని పదోన్నతి కథ చేతిలో ఉంది. బెగ్నియన్ సామ్రాజ్యపు సైన్యాన్ని నడపాలంటే సేనానికి ప్రభువు హోదా ఉండి తీరాలి కాబట్టి, 18వ అధ్యాయం మొదట్లో అతణ్ని 'లార్డ్'ని చేస్తారు. పాత ఆటల్లో నాయకులకు పుట్టుకతో ఉన్న పేరు ఇతనికి కాగితం మీద, అవసరం కొద్దీ దక్కుతుంది. దర్బారులో మాత్రం ఎవరి ముందు ఎలా వంగాలో అతనికి చివరిదాకా రాదు. పిల్ల సామ్రాజ్ఞి సనాకి రాకుమారిని ఆటపట్టిస్తే, సభలో అందరి ముందూ విరుచుకుపడతాడు. గొప్ప ఆదర్శం వల్ల కాదు. తను కాపలా కాస్తున్న మనిషిని ఎవరో అవమానించారు, అంతే.

చంపకపోతే లాభం అని నేర్పడం కూడా ఈ ఆటలోనే చూశాను. టోహా రేవులో ఊరి జనం కర్రలు పట్టుకుని అడ్డం వస్తారు. గుళ్లో పూజారులను శత్రువు డాళ్లలా ముందు నిలబెడతాడు. వాళ్ల మీద చెయ్యి చేసుకోకుండా గెలిస్తే అధ్యాయం చివర అదనపు అనుభవం జమ అవుతుంది, దాన్ని మన ఇష్టం వచ్చినవాళ్లకు పంచుకోవచ్చు. ఉపదేశం చెప్పరు, ఖాతాలో వేస్తారు. జీతానికి పోరాడేవాళ్లకు అర్థమయ్యే భాష అదే మరి.

అసలు కిరాయి దండుల ముగింపులు ఇంత నీటుగా ఉండవు. రేమండ్ 1795లో ఖర్దా దగ్గర మరాఠాల మీద నిజాం పక్షాన పోరాడాడు, నిజాం ఓడిపోయాడు. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. ఆ అక్టోబరులో, అతను పెంచిన దండును ఆంగ్లేయులు నెత్తురు చుక్క పడకుండా నిరాయుధం చేయగలిగారు. అందుకు ఒక పెద్ద కారణం, సిపాయిలు బాకీపడ్డ జీతాల కోసం సొంత అధికారుల మీదే తిరగబడడం. మలక్‌పేట వైపు గుట్ట మీద రేమండ్‌కు నల్లరాతి స్తంభం కట్టారు, దాని మీద అతని పేరు పొడి అక్షరాలు చెక్కారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు, మూసారాంబాగ్ పేరు అలా నిలిచిపోయింది. జీతం, జాగీరు, సమాధి, పేటకు పేరు: కిరాయి సైనికుడికి చరిత్ర ఇచ్చే బహుమతులు ఇవే. ఐక్‌కు కూడా వీటిలో ఒకటిస్తే కథ ముగించడం సులువయ్యేది. యుద్ధం గెలిచాక అతను ప్రభువు హోదా వదులుకుని పాత దళానికే తిరిగొచ్చేస్తాడు. రెండో భాగంలో మళ్లీ పని కుదుర్చుకున్న కిరాయి మనిషిగానే ఎదురవుతాడు.

బొమ్మ గీసిన కితా సెన్రి పనితనం ఇక్కడే చెప్పుకోవాలి. మొదటి ఆటలో నీలిజుట్టు, తలకట్టు, ఎర్రటి దుప్పటి, సన్నటి భుజాల కుర్రాడు. మూడేళ్ల తర్వాతి ఐక్‌కు భుజాలు గోడల్లా విచ్చుకున్నాయి, ఆ దుప్పటి అంచులు పీలికలయ్యాయి. ప్రభువుగా బతికినవాడి బట్టలు కావవి.

పొగిడాను కాబట్టి లోపాలూ చెప్పాలి. మొదటి ఆటలో పోరాట దృశ్యాలు బిగుసుకుపోయినట్టు ఉంటాయి, ఆట తెలిసినవాళ్లకు కష్టం తక్కువ. రెండో భాగం జనంతో కిక్కిరిసిపోయింది, ఒక్కొక్కరికీ రెండేసి మాటలే దక్కాయి. నల్లయోధుడు ఎవరో, ఎందుకో పూర్తిగా విప్పి చెప్పడం వల్ల వాడు తగ్గాడనే నా అభిప్రాయం. అయినా జనం ఐక్‌ను వదల్లేదు. 2008లో 'సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్'లోకి తీసుకున్నారు. 2017లో ఈ వరసలోని పాత్రలన్నిటి మీదా ఓటింగ్ పెడితే, మగపాత్రల్లో అతనే మొదట నిలిచాడు. రాకుమారులందరూ అతని వెనకే.

'రేడియంట్ డాన్' చివర ఐక్ ఆ ఖండాన్నే విడిచి ఎటో వెళ్లిపోతాడు. 2012 నాటి 'అవేకెనింగ్'లో ప్రియామ్ అనేవాడొకడు వచ్చి, నేను ఐక్ వంశంవాణ్నని చెప్పుకుంటాడు. వంశం చూసి గౌరవించే పద్ధతిని అంత శ్రద్ధగా పక్కన పెట్టిన మనిషికి మళ్లీ ఓ వారసుణ్ని తగిలించడం ఎవరి ఆలోచనో గానీ, ఆ ఘట్టం నేను దాటేసి పోతాను.