ఆఖరి స్థానానికి అవతల ఒక్క అడుగు

2021 జులై 31న జపాన్‌లోని ఎనోషిమా తీరంలో ఒలింపిక్స్ పురుషుల విండ్‌సర్ఫింగ్ ఆఖరి రేసు జరిగింది. మెడల్ రేసు అంటారు దాన్ని. అంతకుముందు పన్నెండు రేసులు తిరిగి, మొదటి పది స్థానాల్లో నిలిచినవాళ్లకే అందులో చోటు. సంకేతం ఇవ్వకముందే గీత దాటారని ముగ్గురిని ఆ రేసులో అనర్హుల్ని చేశారు. వాళ్లలో ఫ్రాన్స్ ఆటగాడు తోమా గ్వాయార్ ఒకడు. అయినా రజతం అతనికే వచ్చింది. అదే తప్పు చేసిన ఇటలీ ఆటగాడు మత్తియా కాంబోని ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

తప్పు ఒకటే, శిక్ష ఒకటే, ఫలితం మాత్రం వేరు. పట్టిక ముందు పెట్టుకుని లెక్క వేస్తే ఇందులో పక్షపాతం ఇసుమంతైనా కనబడదు. ఈ ఆటలో తక్కువ పాయింట్లు ఉన్నవాడే విజేత. మొదటివాడికి 1, రెండోవాడికి 2, అలా పోతుంది. పదిమంది దిగిన మెడల్ రేసులో అనర్హుడికి 11. ఆ రేసు పాయింట్లు రెట్టింపు కాబట్టి 22. ముగ్గురి నెత్తినా ఆ 22 పడింది. పన్నెండు రేసుల్లో గ్వాయార్ కూడబెట్టుకున్నది ఆ దెబ్బకు తట్టుకుంది, కాంబోనిది తట్టుకోలేదు.

ఆ 11 అనే అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పదిమందిలో పదకొండో స్థానం ఎక్కడుంది? లేదు. తప్పు చేసినవాడి కోసం లేని మెట్టు ఒకటి కట్టారు. అతన్ని ఆఖరివాడి పక్కన కూర్చోబెట్టలేదు. ఆఖరివాడు ఏ తప్పూ చేయలేదు కదా! గాలితో పెనుగులాడి, చేతులు పడిపోతున్నా తెరచాప వదలకుండా చివరిదాకా వచ్చాడు. అతని స్థానం అతని కష్టార్జితం. దాన్ని ఇంకెవరికీ పంచకూడదని ఎవరో కూర్చుని ఆలోచించారు.

ఈ లెక్కలు చాలావరకు ‘రేసింగ్ రూల్స్ ఆఫ్ సెయిలింగ్’ పుస్తకంలో ఉంటాయి. వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి దాన్ని సవరించి అచ్చువేస్తుంది. ఒలింపిక్స్‌కైనా, మన హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలకైనా అదే పుస్తకం. విండ్‌సర్ఫింగ్ బోర్డులకు మాత్రం కొన్ని సడలింపులు విడిగా రాశారు. పడవ దారి గుర్తును తాకితే తప్పు. బోర్డు తాకవచ్చు, పట్టుకుని వేలాడకూడదంతే. ఎదుటివాడి దారికి అడ్డొచ్చిన పడవ రెండు చుట్లు తిరిగి తప్పు దిద్దుకోవాలి. బోర్డుకు ఒక్క చుట్టు చాలు. నీళ్ల మీదే తీరిపోయే తప్పును ఒడ్డుదాకా మోసుకురానివ్వరు.

ఇక ఒడ్డుకు చేరిన తప్పుల సంగతి. మామూలు పోటీలో రేసు పూర్తిచేయనివాడికి వేసే అంకె, మొత్తం పోటీకి పేరు ఇచ్చినవాళ్ల సంఖ్యకు ఒకటి ఎక్కువ. నలభైమంది పేరు ఇస్తే 41. ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్ల సంఖ్యను బట్టి కాదు, పేరు ఇచ్చినవాళ్లను బట్టి. గాలి విసురుగా ఉన్న రోజు ఇరవైమందే దిగారనుకోండి. దిగినవాళ్లనే లెక్కపెడితే ఒడ్డున కూర్చున్నవాడికి 21 పడుతుంది. ఆ గాలికి జడిసి కదలనివాడికి అది చవక బేరం. 41 వేస్తే ఆ బేరం కుదరదు. నెలల తరబడి సాగే క్లబ్బు పోటీలకు ఇంకో పద్ధతిని కూడా ఎంచుకోవచ్చు. మొదలుపెట్టే చోటిదాకా వచ్చి, ఏదో విరిగి ఆగిపోయినవాడికి ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్ల సంఖ్యకు ఒకటి ఎక్కువ. అసలు రానివాడికి మొత్తం పేర్లకు ఒకటి ఎక్కువ. ప్రయత్నించి ఓడినవాడికీ, ఇంట్లో ఉండిపోయినవాడికీ మధ్య గీత అలా గీశారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం జెడ్ జెండా శిక్షలో ఉంది. ఈ పోటీల్లో ఎవరూ నిలబడి బయల్దేరరు. గీత వెనకాల అటూ ఇటూ తిరుగుతూ, సంకేతం ఇచ్చే క్షణానికి నిండు వేగంతో గీత మీద ఉండాలని అందరూ చూస్తారు. గుంపు తోసుకొచ్చి గీత దాటేస్తుంది. రేసు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. అది ఎక్కువైతే జెడ్ జెండా ఎగరేస్తారు. గీత రెండు కొసలకూ, మొదటి దారి గుర్తుకూ మధ్యనున్న త్రికోణంలో ఆఖరి నిమిషంలో ఎవడు కనిపించినా ఇరవై శాతం శిక్ష.

దేనిలో ఇరవై శాతం? అతనికి వచ్చిన స్థానంలో కాదు. రేసు పూర్తిచేయనివాడికి వేసే అంకెలో. నలభైమంది పోటీలో 41లో ఇరవై శాతం 8.2, అంటే 8. ఐదో స్థానంలో వచ్చినవాడికి 13 అవుతుంది. వచ్చిన స్థానంలోంచి తీస్తే ఐదోవాడికి ఒక్క పాయింటు, ముప్ఫయ్యోవాడికి ఆరు పాయింట్లు పోయేవి. ఒకే తప్పుకు బాగా ఆడేవాడికి తక్కువ, వెనకబడ్డవాడికి ఎక్కువ! ఈ పద్ధతిలో ఇద్దరికీ సరిగ్గా ఎనిమిదే.

ముప్ఫై ఆరో స్థానంలో వచ్చినవాడికి ఎనిమిది కలిపితే 44. దానికీ అడ్డుకట్ట ఉంది. ఈ శిక్ష ఎవరినీ 41 దాటించకూడదు. రేసు పూర్తిచేసినవాడు, మధ్యలో మానేసినవాడికన్నా హీనం కాకూడదు.

ఐదోవాడు 13కి జారాడు సరే, 13వ స్థానంలో నిజంగా వచ్చినవాడి సంగతేమిటి? అతని 13 అతనిదే. పట్టికలో రెండు పదమూళ్లు పక్కపక్కన ఉంటాయి, ఐదు అనే అంకె ఎవరికీ ఉండదు. చూడగానే అచ్చుతప్పేమో అనిపిస్తుంది. కానీ శిక్ష పడినవాణ్ని వరుసలో కిందికి దింపితే ఆరు నుంచి పదమూడు దాకా వచ్చినవాళ్లు తలా ఒక మెట్టు ఎక్కుతారు. పద్నాలుగోవాడికి ఏమీ రాదు. ఒకడి తప్పు ఎనిమిదిమందికి ఉచితంగా పాయింట్లు పంచి మిగతావాళ్లను వదిలేస్తుంది. అందుకే ఖాళీని ఖాళీగానే ఉంచారు. పూర్తిగా అనర్హుడైతే మాత్రం వెనకాల ఉన్నవాళ్లందరూ ముందుకు జరుగుతారు. అక్కడ అతను ఆ రేసులో లేనట్టే లెక్క.

లెక్కలో అర వస్తే ఏం చేస్తారని కూడా రాసుంది. పైకి సవరించాలి. తక్కువే గొప్ప అయిన ఆటలో పైకి సవరించడమంటే శిక్ష అరపాయింటు పెరగడం. న్యాయం పొందినవాడికి వేసే సగటులోనూ ఇదే తీరు. దశాంశం తర్వాత ఒక్క అంకెకు కుదించేటప్పుడు 0.05 వస్తే పైకే. అటో ఇటో తేలని ఆ కాస్త చోట మొగ్గు మిగతా పోటీదారుల వైపు ఉంచారు.

ఇందాక న్యాయం అన్నాను. పుస్తకంలో దాన్ని రెడ్రెస్ అంటారు. తన తప్పు లేకుండా ఒకడి ఫలితం బాగా దెబ్బతింటే పాయింట్లు సరిచేస్తారు. ఒకడికి వరసగా 3, 5, 4 వచ్చాయి. నాలుగో రేసులో అడ్డదారిన వచ్చిన ఎవరో గుద్ది అతని బోర్డు పగలగొట్టారు. తర్వాత 9, 6 వచ్చాయి. మిగతా ఐదింటి సగటు వేస్తే 5.4. ముందరి మూడింటి సగటే వేస్తే 4. గుద్దినప్పుడు అతనున్న స్థానమే ఇస్తే, రెండోవాడైతే 2. మూడు దారులూ పుస్తకంలో సూచించినవే, ఎంపిక ఫిర్యాదులు విచారించే ప్రొటెస్ట్ కమిటీది. రేసు మొదట్లోనే గుద్దితే అప్పటి స్థానం పెద్దగా ఏమీ చెప్పదు. ఆ తర్వాతి 9, 6 అతుకుల బోర్డుతో వచ్చినవైతే వాటిని సగటులో కలపడం అన్యాయం. ఇక్కడ లెక్క ఆగి మనిషి వివేకం మొదలవుతుంది.

అలాంటి వివేకానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1988 సెప్టెంబర్ 24న సియోల్ ఒలింపిక్స్ పడవ పోటీలు పూసాన్ సముద్రంలో జరుగుతున్నాయి. ఫిన్ తరగతి రేసులో కెనడా ఆటగాడు లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో ఉన్నాడు. పక్కనే ఇంకో తరగతి రేసులో సింగపూర్ పడవ బోల్తాపడి, ఇద్దరూ గాయాలతో నీళ్లలో కొట్టుకుంటున్నారు. లెమ్యూ తన దారి వదిలేసి వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లను తన పడవలోకి లాగాడు. కొరియా నౌకాదళం వచ్చి వాళ్లను తీసుకెళ్లేదాకా ఉండి, మళ్లీ రేసులోకి వెళ్లాడు. అప్పటికి చాలామంది దాటిపోయారు.

జ్యూరీ ఆయనకు ఆ రేసులో రెండో స్థానం రాసింది. మెచ్చుకుని మొదటి స్థానం ఇవ్వలేదు. మొత్తం మీద ఆయన పదకొండో స్థానంలో నిలిచాడు. ఆ సాహసానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పియర్ డి కూబర్టిన్ పతకం ఇచ్చి గౌరవించింది. అది పాయింట్ల పట్టికలోకి రాలేదు. పట్టికలో ఉన్నది, వెనక్కి తిరిగే క్షణానికి ఆయన గాలి నుంచి గెలుచుకున్న ఆ 2 మాత్రమే.