వేరే దారి లేకుంటే ఇంతవరకు

కొండగట్టు గుట్ట మీద అంజన్నకు ఒళ్లంతా సిందూరం. గుట్ట కింద నాచుపల్లిలో 2007లో పెట్టిన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, అక్కడ కెమిస్ట్రీ అంతా ఇంగ్లిషులోనే. పాత నిఘంటువుల్లో సిందూరమంటే సీసాన్ని కాల్చగా వచ్చే ఎర్ర పొడి. పాదరసమూ గంధకమూ కలిసిన ఎరుపు వేరు, దాని పేరు ఇంగిలీకం. ఇవాళ పొట్లాల్లో దొరికేదంతా సీసమేనని అనడం లేదు, పసుపూ సున్నమూ కలిపి చేసే కుంకుమ కూడా ఉంది. కానీ చూడండి, రెండు ఎరుపుల రసాయనాన్ని రెండు పేర్లతో విడదీసిన భాష మనది. అవుసల దగ్గర సురేకారం, కళాయి పూసేవాళ్ల దగ్గర నవసాగరం, రైతు దగ్గర మైలుతుత్తం. వీటిని పలకడానికి ఎవరూ బడికి పోలేదు.

ఈ భాషలో కాలుష్యం గురించి రాయడం కొన్నేళ్లుగా నా పని. ఫ్యాక్టరీ పెట్టాలన్నా, బొగ్గు గని పెంచాలన్నా చాలావాటికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలోనూ ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. రామగుండం, మంచిర్యాల బొగ్గు బాయిలు, థర్మల్ స్టేషన్లు, కాగజ్‌నగర్ పేపరు మిల్లు ఉన్న ఈ ప్రాంతంలో అలాంటి కాగితాలకు కరువా?

ఆ సారాంశాల్లో ఫ్యుజిటివ్ ఎమిషన్స్ అని ఒక మాట తరచూ ఎదురవుతుంది. ‘పలాయిత ఉద్గారాలు’ అని రాశామా, రైతు పేజీ తిప్పేస్తాడు. నిజానికి అది అతనికి బాగా ఎరుకైన దుమ్మే. చిమ్నీలోంచి కాకుండా టిప్పర్ల చక్రాల కింద, కన్వేయర్ బెల్టు దగ్గర, బొగ్గు కుప్పల మీద లేచి పత్తిచేను మీద పడేది. ‘చిమ్నీది కాని దుమ్ము’ అని రాస్తాను. హుందాగా లేదని ఒక కన్సల్టెంటు గొణిగాడు. దుమ్ముకు హుందాతనం ఎక్కడిది?

అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు ఆపేది నీళ్ల పట్టిక. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించినది. అందులో చాలా పదార్థాలకు రెండేసి అంకెలుంటాయి. ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఒకటి, 1.5 ఇంకొకటి. మొదటిది యాక్సెప్టబుల్, రెండోది పర్మిసిబుల్. తెలుగులోకి రాగానే ఇవి ‘ఆమోదయోగ్య పరిమితి’, ‘అనుమతించదగిన పరిమితి’ అయి కూర్చుంటాయి. రెంటికీ తేడా ఏమిటో నన్నడిగినా తడుముకుంటాను. ఇక చదివేవాళ్లు పెద్ద అంకెనే పట్టుకుంటారు. బోరు నీళ్లలో 1.4 వస్తే ‘లోపలనే ఉన్నది గద’ అని ఊరుకుంటారు. అసలు ప్రమాణంలో ఆ రెండో అంకెకు ఒక షరతుంది: మరో నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే. పట్టిక గడిలో చోటు చాలక రాలిపోయేది ఆ షరతే. అందుకని పై వరుసలో ‘ఇంతవరకు మంచిది’ అని ఒక గడిలో, ‘వేరే దారి లేకుంటే ఇంతవరకు’ అని పక్క గడిలో పెడుతున్నాను. అప్పుడు సర్పంచి లేచి అడగగలడు: మిషన్ భగీరథ నల్లా ఉండంగ, వేరే దారి లేదని ఎవరు తేల్చిన్రు సారూ? సీసానికైతే రెండో అంకే లేదు. 0.01 దగ్గర ఆగాలి, సడలింపు లేదు.

సంస్కృత పదాల మీద నాకు పగేమీ లేదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు మన కరీంనగర్ జిల్లా పి.వి. నరసింహారావే. ఆ అకాడమీ పారిభాషిక పదకోశాల మీద ఎన్ని జోకులు వేసుకున్నా, ఆమ్లం, క్షారం, లవణం బడిపిల్లల నోట ఆడుతున్నాయి. అదే 1968లో స్పెయిన్‌లోని అరాంత్సాసు మఠంలో బాస్క్ భాషా అకాడమీ సమావేశమై, ఆ భాషకు ఒకే రాత రూపం ఉండాలని నిర్ణయించింది. ఆ భాష మాట్లాడేవాళ్లు పాత కరీంనగర్ జిల్లా జనాభాలో మూడో వంతు కూడా ఉండరు. 1972లో వాళ్లలో కొందరు సైన్సు కోసమని ఎలుయార్ అనే సంఘం పెట్టుకున్నారు. 1783లో బెర్గారా ఊళ్లో టంగ్‌స్టన్ లోహాన్ని విడదీసిన అన్నదమ్ముల ఇంటిపేరు అది. వాళ్లు ఆక్సిజన్‌ను దాదాపు అలాగే ఉంచుకుని కాలుష్యానికి మాత్రం తమ కుత్సదుర అనే మాట వాడతారు. రోగం అంటుకోవడానికీ అదే మాట. మన కాలుష్యం కలక నీళ్ల నుంచి వచ్చింది. పేర్లు అరువు తెచ్చుకుని దెబ్బ తగిలేచోట సొంత మాట వాడిన వాళ్ల లెక్క నాకు నచ్చుతుంది.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది బీఓడీ. పాఠ్యపుస్తకంలో అది జీవరసాయన ఆక్సిజన్ డిమాండ్. నీళ్లలో కుళ్లే సరుకును తింటూ సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో ఆ లెక్క. చాలా దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచి కొలిస్తే, వేడి ఎక్కువైన మన దగ్గర 27 డిగ్రీల్లో మూడు రోజులు. వాగులోకి వదిలే నీళ్లకు మామూలు హద్దు లీటరుకు 30 మిల్లీగ్రాములు. ఒక సభలో చేపలు పట్టే పెద్దాయన ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాడు: ‘చేపకు గాలాడ్త లేదు సారూ.’ నా గడిలో ‘నీళ్లలో గాలిని తినే కుళ్లు’ అని రాశాను. పక్కనే బీఓడీ అనీ ఉంచాను, రేపు కాలుష్య నియంత్రణ మండలికి ఆయన అర్జీ రాయాలంటే ఆ మూడక్షరాలూ కావాలి.