నొప్పి లేని గడ్డ: స్తనారోగ్య బోధపై ఒక విమర్శ

ఖమ్మం మిరపతోటల నుండి భద్రాచలం అడవి అంచున గల చర్ల, దుమ్ముగూడెం పల్లెల వరకు స్త్రీల దినచర్యలో శ్రమయే ప్రధానము. చలికాలము చివర మిరపకాయలు ఏరుట, వేసవిలో తునికాకు కోయుట, చంటిబిడ్డను గుడ్డతో కట్టుకొని నడచుట - ఇట్టి జీవితమునకు తగిన స్తనారోగ్య పాఠము చెప్పవలెనన్నచో, వాడుకలోనున్న సలహాలను తరచి చూడవలెను. వానిలో ముఖ్యదోషము ఒకటి కలదు: హాయినిచ్చు అలవాటును, వ్యాధి నుండి కాపాడు అలవాటును కలిపివేయుట.

బిగుతైన బ్రా క్యాన్సరు తెచ్చునను మాటయే ఇందుకు నిదర్శనము. 1995లో అమెరికాలో వెలువడిన 'డ్రెస్డ్ టు కిల్' అను పుస్తకము దీనికి ప్రచారము కల్పించినది. బిగుతు వలన శోషరస ప్రవాహము ఆగి విషపదార్థములు నిలిచిపోవునని రచయితలైన సింగర్, గ్రిస్మైజర్‌ల వాదము. అయితే వయస్సు, కాన్పులు, శరీరపు బరువు వంటి తెలిసిన కారణములను వారు వేరుచేసి చూడలేదు. సియాటిల్ నగరమున ముట్లుడిగిన సుమారు 1,500 మంది స్త్రీలను విచారించి 2014లో ప్రకటించిన పరిశోధనలో బ్రాకును, క్యాన్సరునకును సంబంధము కానరాలేదు.

అంతమాత్రమున బట్ట సంగతి అల్పము కాదు. ఎండలో పనిచేయువారికి బిగుతు బట్ట ఒరసికొని, చెమట నిలిచి, స్తనముల క్రింది మడతలో చర్మము పుండగును. కడిగి, తడి ఆరనిచ్చి, వదులైన నూలుబట్ట ధరించినచో ఉపశమించును. మిరపకాయలు ఏరిన చేతులను సబ్బుతో బాగుగా కడుగక పాలిచ్చినచో చనుమొనకు, బిడ్డ నోటికి మంట కలుగును. పాలు నిండి రొమ్ములు గట్టిపడినప్పుడు మాటిమాటికి పాలిచ్చుటయే మందు. ఎర్రబారి జ్వరము వచ్చినచో వైద్యుని చూడవలెను. పాలు మాన్పించుట సాధారణముగా అవసరము కాదు.

ఇవి హాయికి చెందినవి. పాలిచ్చుట మాత్రము రక్షణకును చెందును. 30 దేశముల పరిశోధనలను కూర్చి 2002లో లెక్కగట్టగా, తల్లి పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సరు అవకాశము 4.3 శాతము తగ్గినట్లు తేలినది. మద్యము మానుటయు రక్షణయే.

హాయియే ఆరోగ్యమని నేర్పుటలోని అపాయము మరొకటి కలదు. బహిష్టుకు ముందు రెండువైపుల వచ్చు నొప్పి సాధారణము. క్యాన్సరు గడ్డ తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేదుగదాయని తునికాకు పని ముగియువరకు ఆగిన స్త్రీ ఆలస్యముగా ఆసుపత్రి చేరును. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చర్మము సొట్టపడుట, మొన కొత్తగా లోనికి పోవుట, రక్తము కారుట - ఇవి నొప్పి లేకున్నను వెంటనే చూపించుకొనవలసినవి.

పరీక్ష ఎవరు చేయవలెను? షాంఘై జౌళి కర్మాగారముల 2,66,064 మంది స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన ప్రయోగమున, స్వయంపరీక్ష నేర్పుట వలన మరణములు తగ్గలేదు. ముంబాయిలో 1998లో ఆరంభమైన ప్రయోగమున శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించినారు. వ్యాధి తొలిదశలోనే బయటపడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు సుమారు 30 శాతము తగ్గినట్లు 2021లో ప్రకటించినారు. ఖరీదైన యంత్రములు చేరని పల్లెలకు ఇది ఆశాజనకము.

కావున ఉపాధ్యాయులు బట్టను గూర్చి చెప్పునప్పుడు హాయి అనియే చెప్పవలెను. రక్షణను గూర్చి చెప్పునప్పుడు నొప్పి లేని గడ్డను మరువరాదు. ఇంటికి పోయిన విద్యార్థిని తన తల్లికి ఈ ఒక్క మాట చేరవేసినను ఆ పాఠము సార్థకమగును.